పనిచేసే ఆమె రెప్పవెంట్రుకలు, పిల్లాడి ఎర్రకళ్ళు: రెండూ ట్రకోమాయేనా?

మీ ప్రశ్న కుదించి చెప్తే ఇదీ. ఇథియోపియాలో బహిర్ దార్‌లో ఉంటున్నారు, మీవారు అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్తారు. ఇంట్లో పనిచేసే ఆమెకి నలభై అయిదేళ్ళుంటాయి. పైరెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటుంటే శ్రావణంతో పీక్కుంటోంది. చూసినవాళ్ళు ట్రకోమా అనే అంటు కంటిజబ్బు అన్నారు. ఈలోగా మీ ఆరేళ్ళ బాబుకి కళ్ళు ఎర్రబడి పుసి కడుతోంది. ఆమె నుంచే అంటిందా, ఆమెను మాన్పించాలా, ఇండియా నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ సిరప్ పట్టెయ్యచ్చా, ఊళ్ళో పంచే మాత్రలు మీరూ వేసుకోవాలా, ఇండియాలో ఈ జబ్బు లేదంటున్నారు నిజమేనా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ఆమెను మాన్పించకండి. వెంట్రుకలు లోపలికి తిరిగిన కన్ను సాధారణంగా అంటించే కన్ను కాదు. చిన్నప్పుడు పదేపదే వచ్చిన జబ్బు మిగిల్చిన మచ్చ అది. ఆమెకి కావలసింది చుక్కలమందు కాదు, ఆపరేషన్, అదీ తొందరగా. బాబుకి ఎరుపు మొదలై రెండు వారాలు కూడా కాకపోతే ట్రకోమా కన్నా మామూలు కండ్లకలక అయ్యే అవకాశమే ఎక్కువ. పైరెప్ప తిప్పి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. చూపించకుండా సిరప్ పట్టకండి. ఊళ్ళో పంచే మాత్రల సంగతి వేరు: మీ కెబెలేలో, అంటే అక్కడి వార్డులాంటి దానిలో, పంచుతుంటే ఇంటిల్లిపాదీ వేసుకోండి.

ఇక కారణాలు. ట్రకోమా తెచ్చేది క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా. ఈ పేరు నెట్‌లో వెతికితే సుఖవ్యాధుల పేజీలు వచ్చిపడతాయి, అవి చూసి గుండెలు బాదుకునేవాళ్ళున్నారు. జాతి ఒకటే అయినా రకాలు వేరు. కంటి ట్రకోమాకి కారణం ఏ, బీ, బీఏ, సీ రకాలు. జననాంగాలకి వచ్చేవి, కాన్పులో తల్లి నుంచి పసిబిడ్డ కళ్ళకి అంటేవి డీ నుంచి కే వరకు ఉన్న రకాలు. ఈ విషయంలో ఆమెను గానీ, మరొకరిని గానీ అనుమానించే పని లేదు.

ట్రకోమా రకాలు కాపురముండేది చిన్నపిల్లల కళ్ళలో. ఒకటి నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో ఎక్కువ, తర్వాత వయసుతోపాటు తగ్గుతూ వస్తుంది. పిల్లల కంటి పుసి, ముక్కు చీమిడి చేతులకంటుతుంది, ఆ చేతులతో తమ్ముడి ముఖం పట్టుకుంటారు, ఒకే దుప్పటి కింద పడుకుంటారు. ఆ పుసి మీద ఈగ వాలి పక్క పిల్ల కంటి మూలకి పోతుంది. మన ఊళ్ళలో తల్లి కొంగుతో నలుగురు పిల్లల ముఖాలూ తుడిచినట్టే అక్కడి తల్లులు నెటెలా అనే పైగుడ్డ అంచుతో తుడుస్తారు. ఒక కంటి పుసి ఇంకో కంటికి చేర్చడానికి అంతకంటే దగ్గర దారి లేదు. పిల్లల్ని ఎత్తుకు తిరిగేది ఆడవాళ్ళు కాబట్టి వాళ్ళకి మళ్ళీ మళ్ళీ అంటుతూ ఉంటుంది. ఈ జబ్బుతో చూపు పోయే ప్రమాదం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి నాలుగింతల దాకా ఎక్కువ ఉండటానికి కారణం అదే. అంటే అంటు నడిచే దిక్కు మీరనుకున్నదానికి తారుమారు: పెద్దామె నుంచి పిల్లాడికి కాదు, పిల్లల నుంచి పెద్దామెకి.

ఒక్కసారి వచ్చి తగ్గితే ట్రకోమా పెద్దగా చేటు చెయ్యదు. చిన్నతనమంతా తగ్గడం, మళ్ళీ అంటడం, మళ్ళీ తగ్గడం, ఇలా పదుల సార్లు జరిగితేనే పైరెప్ప లోపలి పొర మచ్చలు కట్టి ముడుచుకుంటుంది. ఒకవైపే తడిసిన అట్ట ఎండలో వంకర తిరుగుతుందే, అలా రెప్పలో ఉండే గట్టి పలక లోపలికి వంగుతుంది. దాంతోపాటు అంచున ఉన్న వెంట్రుకలూ తిరుగుతాయి. మనిషి నిమిషానికి పది పదిహేను సార్లు రెప్ప వేస్తాడు. వేసిన ప్రతిసారీ ఆ వెంట్రుక నల్లగుడ్డు మీద చీపురుపుల్లలా గీస్తుంది. గీతలు పుండై, పుండు మానిన చోట తెల్లమచ్చ పడుతుంది. మనవాళ్ళు కంట్లో పువ్వు వేసిందంటారే, అది. ఆ పువ్వు చూపుకి అడ్డంపడితే ఇక వెనక్కి రాదు.

ఈ దశలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1987 నుంచి అయిదు గుర్తులు వాడుతోంది. పైరెప్ప లోపల నడిమి భాగంలో అర మిల్లీమీటరుకి తగ్గని తెల్లటి గింజలు అయిదో అంతకన్నా ఎక్కువో ఉంటే టీఎఫ్. పొర వాచి, లోపలి రక్తనాళాల్లో సగానికి పైగా కనిపించకుండా పోతే టీఐ. తెల్లటి మచ్చల గీతలు టీఎస్. ఒక్క వెంట్రుకైనా గుడ్డుకి తగిలినా, తగిలేదాన్ని ఈమధ్యే పీకిన ఆనవాలున్నా టీటీ. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ సీఓ. మొదటి రెండూ అంటు నడుస్తున్న దశలు, మిగిలిన మూడూ దాని అప్పు తీర్చే దశలు. మీ ఇంట్లో ఆమెది టీటీ. వెంట్రుకలు పీకేసి ఉన్న రోజున కన్ను శుభ్రంగా కనిపించినా అది టీటీయే, పరీక్ష చేసేవాళ్ళకి ఆ సంగతి చెప్పమనండి.

బాబు సంగతి. ఆరేళ్ళ పిల్లాడికి ఎర్రకళ్ళు రావడానికి కారణాలు బోలెడు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా ఎర్రబడి, నీళ్ళు ధారగా కారి, గొంతు నొప్పి గానీ చెవి ముందు చిన్న గడ్డ గానీ ఉంటే వైరస్ కండ్లకలక. పది పదిహేను రోజుల్లో తనంతట తనే పోతుంది. పచ్చటి చిక్కని పుసితో పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతుంటే బ్యాక్టీరియా కండ్లకలక, చుక్కలమందుతో తగ్గుతుంది. పుసి కన్నా దురద ముందుండి, పిల్లాడు పొద్దస్తమానం కళ్ళు నులుముకుంటూ, ఏటా ఎండలకి తిరగబెడుతుంటే అది ఎలర్జీ. ఆంధ్రా, తెలంగాణల్లో వేసవి వస్తే మగపిల్లల్లో తరచూ చూసేది ఇదే. ఇందులోనూ పైరెప్ప లోపల బొడిపెలు వస్తాయి, కాకపోతే అవి పెద్దవిగా, పైన చదునుగా, బండలు పరిచినట్టుంటాయి. ట్రకోమా గింజలు వేరు, నానిన సగ్గుబియ్యం పొర కింద నుంచి కనిపించినట్టు గుండ్రంగా, తెల్లగా ఉంటాయి. ఒకసారి రెండూ పక్కపక్కన చూసినవాళ్ళు మళ్ళీ పొరపడరు.

ట్రకోమా అయితే నెమ్మదిగా నడుస్తుంది. అంటిన 5 నుంచి 12 రోజుల్లో మొదలవుతుంది గానీ చాలామంది పిల్లలు అసలు బాధే చెప్పరు. కొద్దిగా ఎరుపు, కొద్దిగా పుసి, వారాల తరబడి. కన్ను భగ్గుమని ఎర్రబడి పిల్లాడు ఏడుస్తుంటే అది ట్రకోమా కాకపోవడానికే ఎక్కువ అవకాశం.

రెప్ప తిప్పకుండా ట్రకోమా అన్నా, కాదన్నా నమ్మకండి. టార్చి వేసి ముందు నుంచి చూసి చెప్పే జబ్బు కాదిది. పరీక్ష ఎలా ఉండాలో తెలిస్తే జరిగిందో లేదో మీకే అర్థమవుతుంది. ముందు రెప్ప ముట్టుకోకుండా వెంట్రుకలు గుడ్డుకి తగులుతున్నాయేమో చూడాలి. రెప్ప కదిపాక చూస్తే వాటి దిశ మారిపోతుంది. తర్వాత పిల్లాడిని కిందికి చూడమని, పైరెప్ప వెంట్రుకలు రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకి లాగి, రెప్ప మడత దగ్గర దూదిపుల్లతో మెల్లగా నొక్కి తిప్పుతారు. రెండున్నర రెట్లు పెద్దగా చూపే భూతద్దాల కళ్ళజోడు, పగటి వెలుగు లేదా మంచి టార్చి ఉండాలి. రెండు కళ్ళూ చూడాలి. ఒక పిల్లాడికీ ఇంకో పిల్లాడికీ మధ్య చేతులు శుభ్రం చేసుకోవాలి. కిందిరెప్పలో గింజలు కనిపించాయని ట్రకోమా అనేవాళ్ళున్నారు, అది లెక్కలోకి రాదు. ఎదిగే పిల్లల కిందిరెప్పలో గింజలు ఉండటం మామూలే.

20వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో ఓడ దిగిన వలసదారుల రెప్పల్ని బొత్తాములు పెట్టుకునే కొక్కెంతో తిప్పి చూసి, ట్రకోమా ఉంటే వెనక్కి పంపేసేవాళ్ళు. పనిముట్టు ఎంత మోటుదైనా పద్ధతి మాత్రం సరైనదే. ఈ జబ్బు దాక్కునేది పైరెప్ప వెనకే.

పరీక్షలో టీఎఫ్ అన్నారనుకోండి, అప్పుడూ హడావిడి వద్దు. బ్యాక్టీరియా పోయాక కూడా గింజలు వారాలు, నెలలు నిలిచి ఉంటాయి. కాబట్టి మందు వేసిన పది రోజులకే మళ్ళీ చూసి "తగ్గలేదు" అని మందు మార్చడం తప్పు. దీనికి తిరకాసు కూడా ఉంది: గింజలు లేని పిల్లల్లో బ్యాక్టీరియా ఉండొచ్చు. అందుకే ట్రకోమాకి ఒక్క కన్ను చూసి ఒక్క మనిషికి వైద్యం చెయ్యరు. ఇంట్లో ఒకరికుంటే ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఇస్తారు. ఒక్క బాబుకే మందు పోస్తే వాడితో ఆడుకునే పిల్లల నుంచి నెలలోపు మళ్ళీ రావచ్చు.

మందు, మోతాదు. నోటిమందు అజిత్రోమైసిన్, కిలో బరువుకి 20 మి.గ్రా., ఒక్కసారే. పెద్దవాళ్ళకి 1 గ్రాము మించకూడదు, అంటే 500 మాత్రలు రెండు ఒకేసారి. ఇక్కడే మీ సిరప్ సంగతి జాగ్రత్తగా చూడాలి. ఇండియాలో గొంతు నొప్పికి రాసే లెక్క కిలోకి 10 మి.గ్రా. చొప్పున మూడు రోజులు. ఆ అలవాటులో పోస్తే ట్రకోమా మోతాదు కాదు. పైగా మన దగ్గర సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది: 5 మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్నది, 200 మి.గ్రా. ఉన్నది. 20 కిలోల పిల్లాడికి 400 మి.గ్రా. కావాలి. 200 సీసా అయితే 10 మి.లీ., 100 సీసా అయితే 20 మి.లీ. చిన్న సీసా సాధారణంగా 15 మి.లీ. ఉంటుంది కనుక 100 సీసా మొత్తం వంచేసినా 300 మి.గ్రా.యే అవుతుంది. "సీసా అంతా తాగించాను, అయినా తగ్గలేదు" అన్నచోట ముందు చూడాల్సింది సీసా మీది అంకెనే. పొడి రూపంలో ఉన్న సీసా అయితే కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకే పొయ్యాలి. ఎక్కువ పోస్తే మందు పలచబడి మోతాదు తగ్గిపోతుంది. కొలత మందుతో వచ్చే మూతతో గానీ సిరంజితో గానీ, వంటింటి చెంచాతో కాదు.

ఆరు నెలల్లోపు పసివాళ్ళకి ఈ నోటిమందు ఇవ్వరు, 1 శాతం టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్ రోజుకి రెండుసార్లు, ఆరు వారాలు. పెద్దవాళ్ళకీ అది పనిచేస్తుంది గానీ ఆరు వారాలు పెట్టేవాళ్ళు తక్కువ. రెండో వారానికి ఎరుపు పోతుంది, ఆయింట్‌మెంట్ రాస్తే చూపు గంటసేపు మసకేస్తుంది, ట్యూబు అటక ఎక్కుతుంది. ఒక్క పూట నోటిమందు ఇంత పేరు తెచ్చుకున్నది అందుకే. అజిత్రోమైసిన్ వల్ల కొందరికి వికారం, కడుపునొప్పి, విరేచనాలు ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళు, దానికి మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ముందే చెప్పాలి.

కంట్లో వెయ్యకూడనివీ చెప్తాను. స్టిరాయిడ్ కలిసిన చుక్కలమందు సొంతంగా వాడకండి. ఎరుపు మర్నాటికే తగ్గినట్టుంటుంది, లోపల జబ్బు నడుస్తూనే ఉంటుంది, నల్లగుడ్డు మీద పుండు ఉంటే ముదురుతుంది. నందివర్ధనం పూల రసం, తల్లిపాలు, తేనె, ఆముదం ఇవేవీ వద్దు. రెప్ప మీద చల్లగా పువ్వు పెట్టుకుంటే పోయేదేం లేదు, రసం పిండితేనే చిక్కు.

ఊళ్ళో పంచే మాత్రలు. ఒక జిల్లాలో 1 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో టీఎఫ్ ఎంత శాతం ఉందో చూసి ఈ పంపకం నిర్ణయిస్తారు. 5 నుంచి 10 శాతం మధ్య ఉంటే ఒకసారి, 10 నుంచి 30 మధ్య ఉంటే ఏటా ఒకసారి చొప్పున మూడేళ్ళు, 30 దాటితే అయిదేళ్ళు పంచి మళ్ళీ సర్వే చేస్తారు. 5 కన్నా తగ్గితే ఆపుతారు. మందు ఫైజర్ కంపెనీ ఉచితంగా ఇస్తుంది, ఇంటర్నేషనల్ ట్రకోమా ఇనీషియేటివ్ ద్వారా దేశాలకి చేరుతుంది. పంచేవాళ్ళు పిల్లల్ని కాటాలో తూచరు. గీతలు పెట్టిన కర్ర పక్కన నిలబెట్టి ఎత్తుని బట్టి మోతాదు ఇస్తారు. చూసి ఇదేం లెక్క అనుకోకండి, ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క కట్టే ఆ గీతలు పెట్టారు. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: చిన్నపిల్లలకి సిరప్ అడగండి, ఏడుస్తున్న పిల్లాడి ముక్కు మూసి మాత్ర మింగించనివ్వకండి. మాత్ర గొంతుకి అడ్డంపడి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. కుదుటపడ్డాక కూచోబెట్టి పట్టొచ్చు.

జబ్బు లేని మనం ఎందుకు మింగాలి అనేది న్యాయమైన సందేహమే. పైన చెప్పినట్టు గింజలు లేని కళ్ళలోనూ బ్యాక్టీరియా ఉంటుంది, పదిమందిలో కనీసం ఎనిమిదిమందికి మందు పడితేనే ఆ వాడలో అంటు తెగుతుంది. అయితే దొరుకుతోంది కదా అని ప్రతి జలుబుకీ అదే మందు వెయ్యడం వేరు సంగతి. ఊరంతా అజిత్రోమైసిన్ పంచిన చోట్ల పిల్లల ముక్కుల్లో ఉండే న్యుమోకాకస్ (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) ఆ మందుకి లొంగకుండా తయారవడం చూశారు. ట్రకోమా బ్యాక్టీరియా మాత్రం ఇంకా లొంగుతూనే ఉంది.

ఆమె ఆపరేషన్. మీరు నిజంగా చెయ్యి వెయ్యాల్సింది ఇక్కడ. ఇథియోపియాలో దీన్ని కంటి సర్జన్లే కాదు, దీనికోసమే శిక్షణ పొందిన నర్సులు, హెల్త్ ఆఫీసర్లు ఆరోగ్య కేంద్రాల్లో చేస్తారు, చాలాచోట్ల ఉచితం. ఎక్కడ, ఎప్పుడు చేస్తారో మీ కెబెలే హెల్త్ ఎక్స్‌టెన్షన్ వర్కర్‌కి తెలుస్తుంది. మన ఆశా కార్యకర్త లాంటి ఆవిడే అనుకోండి. రెప్పకి మత్తు సూది ఇచ్చి, రెప్ప అంచుకి 3 మి.మీ. పైన అంచుకి సమాంతరంగా కోసి, లోపలికి వంగిన అంచుని బయటికి తిప్పి కుట్లు వేస్తారు. లోపలివైపు నుంచి మాత్రమే కోసే పద్ధతి కూడా ఉంది. ఒక్కో రెప్పకి ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఆ రోజుకి కంటికి కట్టు, మర్నాడు విప్పి ఆయింట్‌మెంట్. కరగని దారం అయితే వారం నుంచి రెండు వారాల్లోపు కుట్లు తీస్తారు. మొదటి వారం రెప్ప అంచు మరీ బయటికి తిరిగినట్టు కనిపిస్తుంది, అది ఉండాల్సిందే. మానేకొద్దీ సర్దుకుంటుంది.

ఆపరేషన్ అయిన రోజే అజిత్రోమైసిన్ 1 గ్రాము అడగండి. ఇథియోపియాలోనే చేసిన పరీక్షలో ఆపరేషన్ తర్వాత ఆ ఒక్క మోతాదు ఇచ్చినవాళ్ళలో వెంట్రుకలు మళ్ళీ తిరగడం సుమారు మూడోవంతు తగ్గింది. అవును, మళ్ళీ తిరగొచ్చు. ఏడాదిలోపే అయిదుగురిలో ఒకరి దాకా అలా అవుతుంది. కోత పక్కలకి చాలినంత పొడవు లేకపోతే కంటి మూలల్లో వెంట్రుకలు అలాగే మిగులుతాయి. కుట్లు ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా పడితే రెప్ప అంచు ఎగుడుదిగుడవుతుంది. కోత చోట ఎర్రటి కండ పెరగడం కూడా చూస్తాం, అది తేలిగ్గా తీసేస్తారు. అందుకే కుట్లు తీసే రోజు కాక, మూణ్ణుంచి ఆరు నెలల మధ్య ఇంకోసారి తప్పకుండా చూపించాలి. జనం ఎగ్గొట్టేది సరిగ్గా ఆ రాకే. ఆమె జీతంలో ఆ రోజు కోత పడదని ముందే మాటిస్తే వెళ్తుంది.

చూపు బాగవుతుందని ఆశపెట్టకండి. గుచ్చుడు పోతుంది, నీళ్ళు కారడం తగ్గుతుంది, ఉన్న చూపు నిలబడుతుంది. అప్పటికే పడిన తెల్లమచ్చ మాత్రం అలాగే ఉంటుంది. ఆ మాట ముందు చెప్పకపోతే "కోసినా కనపడలేదు" అని పక్కింటామెని కూడా ఆపుతారు.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా పీక్కోవడం ఆపమనాలా? ఆపక్కర్లేదు, కానీ పద్ధతి ఉంది. మొనలు సరిగా కలవని పాత శ్రావణంతో లాగితే వెంట్రుక మధ్యకి తెగుతుంది. తెగిన మొద్దు కొస పొడుగు వెంట్రుక కన్నా గట్టిగా గుచ్చుతుంది. మొనలు గుండ్రంగా, అంచులు పూర్తిగా కలిసేది కొని ఇవ్వండి. బాగా కనిపించే ఇంకొకరు వెలుతురులో కూచుని, మొదలు దగ్గర పట్టి, పెరిగిన దిశలోనే లాగాలి. నెలా నెలన్నరలో మళ్ళీ మొలుస్తాయి. తగిలేవి నాలుగైదే ఉండి, అవీ పక్కన మూలలో ఉండి, ఆపరేషన్‌కి ససేమిరా అనేవాళ్ళకి ఇలా పీకుతూ గమనించడం ఒప్పుకోదగ్గ దారే. నల్లగుడ్డు మధ్యకి తగిలే వెంట్రుకలకి మాత్రం కాదు. వెలుతురు చూడలేకపోవడం, కొత్తగా బాగా నొప్పి, నల్లగుడ్డు మీద తెల్లచుక్క: ఈ మూడింటిలో ఏది వచ్చినా అదే రోజు కంటి ఆసుపత్రికి, తేదీ కోసం ఆగొద్దు.

ఆమె ఇంట్లో చిన్నపిల్లలు, మనవలు ఉన్నారేమో అడగండి. ఉంటే వాళ్ళ రెప్పలు చూపించాలి. మీ బాబుకి నిజంగా ట్రకోమా వచ్చి ఉంటే అది ఆ పిల్లలతోనో, బడిలో పిల్లలతోనో ఆడుకున్నప్పుడు వచ్చి ఉండాలి.

ఇంట్లో చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. ముఖం పొద్దున్నా సాయంత్రం కడగడం, కంటి మూలలూ ముక్కు కిందా వేళ్ళతో రుద్ది. పుసీ చీమిడీ లేని ముఖమే శుభ్రమైన ముఖం, అంతకు మించి తెల్లగా ఉండక్కర్లేదు. దానికి గ్లాసుడు నీళ్ళు చాలు. నీళ్ళు మోసుకొచ్చే ఇళ్ళలో ఆడవాళ్ళు ముఖం కడగడానికి బిందెడు ఖర్చవుతాయనుకుంటారు, ఒకసారి గ్లాసుతో కడిగి చూపిస్తే ఆ భయం పోతుంది. అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకి మూత దగ్గర మేకుతో చిల్లి పెట్టి, కర్రకి వేలాడదీసి, మెడకి తాడు కట్టి, తాడు రెండో కొస కింద పుల్లకి కడితే, కాలితో తొక్కినప్పుడు డబ్బా వంగి సన్నధార వస్తుంది. చేతులు డబ్బాకి తగలవు. తువ్వాలు ఎవరిది వాళ్ళకి, తలగడ కూడా. కాటుక పుల్ల ఒకరిది ఇంకొకరికి పెట్టొద్దు.

ఈగల విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ముఖాల మీద వాలి ట్రకోమా మోసే ఈగ, ముస్కా సోర్బెన్స్, గుడ్లు పెట్టడానికి ఎంచుకునేది ఆరుబయట నేల మీద పడిన మనిషి మలాన్ని. మరుగుదొడ్డి గుంటలో అది పెరగదు. "దొడ్డి కడితే ఈగలు ఎక్కువవుతాయి" అని కట్టించుకోనివాళ్ళకి చెప్పాల్సిన సంగతి ఇది.

శస్త్రచికిత్స, మందు, ముఖశుభ్రత, పరిసరాలు, ఈ నాలుగింటినీ కలిపి ఇంగ్లీషు మొదటి అక్షరాలతో సేఫ్ అంటారు. చివరి రెండే కష్టం. మీరుంటున్న అమ్హారా రాష్ట్రంలో పదేళ్ళకి పైగా మందు పంచినా చాలా జిల్లాల్లో టీఎఫ్ 10 శాతం కిందికి దిగలేదు. అక్కడే 40 గ్రామ సముదాయాల్లో సగం చోట్ల నీటి వసతి, శుభ్రత ప్రచారం ఇచ్చి మూడేళ్ళు చూస్తే, పిల్లల కళ్ళలో బ్యాక్టీరియా విషయంలో మిగతా సగానికీ వీటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే నీళ్ళు అనవసరమని కాదు. కుళాయి పెట్టినంత మాత్రాన ముఖం కడిగే అలవాటు మూడేళ్ళలో రాదని నేను అర్థం చేసుకుంటాను.

ఇక ఇండియా. 1950, 60 దశకాల్లో మన దేశంలో చూపు పోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. 1963లో జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం పెట్టారు, 1976లో అంధత్వ నివారణ కార్యక్రమంలో కలిపారు. 2014-17 సర్వేలో పిల్లల్లో అంటు దశ ట్రకోమా 0.7 శాతానికి దిగింది. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆగ్నేయాసియా ప్రాంతంలో నేపాల్, మయన్మార్ తర్వాత మనది మూడోది. అయితే ఆ పత్రంలో ఉన్న మాట "ప్రజారోగ్య సమస్యగా తొలగింది" అని. పిల్లల్లో టీఎఫ్ 5 శాతం లోపు, పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో వైద్యం అందని టీటీ 0.2 శాతం లోపు ఉంటే ఆ మాట వాడతారు. ఒక్క కేసూ లేదని కాదు.

మనవైపు ఇది ఎప్పుడూ రాజస్థాన్, హర్యానా, పంజాబ్ అంత లేదు. అందుకే ఇథియోపియా కబుర్లు విని ఊళ్ళో అత్తగారి కంట్లో వెంట్రుక గుచ్చుకుంటే ట్రకోమా అనుకోకండి. ముసలితనంలో తిరిగేది ఎక్కువగా కిందిరెప్ప, కండరాలు వదులై. ట్రకోమా తిప్పేది ముఖ్యంగా పైరెప్పని. దానికీ దీనికీ ఆపరేషన్ వేరు.

సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు బాబును ఇక్కడ చూపిస్తే అమ్హారాలో ఉంటున్నారని మొదటి మాటగా చెప్పండి. అంటు దశ ట్రకోమాని పుస్తకంలో తప్ప చూడని డాక్టర్లు ఇప్పుడు మన దగ్గర చాలామంది. ఆ మాట చెప్తే రెప్ప తిప్పుతారు, చెప్పకపోతే ఎలర్జీ చుక్కలు రాసి పంపుతారు.

మళ్ళీ రాస్తే ఇవి రాయండి: బాబుకి ఎరుపు మొదలై ఎన్ని రోజులు, దురద ఎక్కువా పుసి ఎక్కువా, బరువెంత, సీసా మీద 5 మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అని ఉంది, రెప్ప తిప్పి చూశారా లేదా.